సగం నెత్తురుది, సగం ఊరిది

వెంకటాచలం చుట్టుపక్కల ఊళ్ళలో నలభై దాటని మనిషి ఉన్నట్టుండి కుప్పకూలి పోయాడంటే, పెద్దకర్మ లోపలే మూడు తీర్పులు వచ్చేస్తాయి. ఎవరిదో దిష్టి తగిలింది. కరోనా సూది వేయించుకున్నాడు కదా, అదే. వాళ్ళ వంశంలోనే ఉంది. మొదటి రెండూ అరుగు మీద కూర్చుని గట్టిగా అంటారు. మూడోది చెవిలో చెబుతారు. ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే ఆ చెవిలో మాట కూడా ఆగిపోతుంది. మూడింటిలోకీ పనికొచ్చేది అదొక్కటే. దాన్ని నొక్కిపట్టి, పనికిరాని రెండింటినీ ఊరంతా తిప్పుతాం.

సూది సంగతి ముందు తేల్చేద్దాం. 2023లో ఐసీఎంఆర్ ఒక అధ్యయనం వెలువరించింది. దేశంలో 47 పెద్దాసుపత్రుల ద్వారా, 18 నుంచి 45 ఏళ్ళ మధ్య వయసులో, ఆరోగ్యంగా ఉన్నారనుకున్నవాళ్ళు హఠాత్తుగా పోయిన 729 ఉదంతాలు తీసుకుని, అదే వయసులో అదే ఇరుగుపొరుగున బతికున్నవాళ్ళతో పోల్చి చూసింది. టీకా వల్ల ముప్పు పెరగలేదు. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి: కుటుంబంలో అంతకుముందు హఠాన్మరణం ఉండటం, చావుకు ముందు రెండు రోజుల్లో మితిమీరి తాగడం, మత్తుమందులు, ఒళ్ళు హూనమయ్యే శ్రమ, కరోనాతో ఆసుపత్రి పాలై రావడం. ఈ వరసలో మొదటిది నెత్తురులోంచి వచ్చింది. మిగతావన్నీ బయటినుంచి వచ్చి మీద పడ్డవి. ఆ చావులన్నీ ఒకే జబ్బువని ఆ అధ్యయనం అనలేదు. కానీ నెత్తురూ పరిసరమూ కలిసి పనిచేసే తీరు అందులో కళ్ళకు కట్టినట్టు ఉంది.

ఆ తీరు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది గుండె కండరం జబ్బులో. గుండెపోటు మనకు బాగా తెలుసు: రక్తనాళం పూడుకుపోతుంది, స్టెంట్ వేస్తారు. కండరం జబ్బు దారి వేరు. నాళాలు శుభ్రంగా ఉంటాయి, యాంజియోగ్రామ్ నార్మల్ అని వస్తుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ గుండె గోడ దళసరి ఎక్కి బిగుసుకుపోతూ ఉంటుంది. లేదంటే గుండె సాగిపోయి పంపింగ్ పడిపోతుంది. మొదటి రకం ప్రపంచంలో అయిదువందల మందిలో ఒకరికి ఉంటుందని వైద్యుల లెక్క. అమ్మకో నాన్నకో ఈ జబ్బు తెచ్చే జన్యులోపం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ అది వచ్చే అవకాశం సగానికి సగం. అబ్బాయా అమ్మాయా అన్న తేడా లేదు. అయితే వచ్చినవాళ్ళందరికీ జబ్బు ఒకేలా రాదు. ఒకే ఇంట్లో, ఒకే లోపంతో పుట్టిన అన్నదమ్ముల్లో ఒకడు ఇరవైలో పోవచ్చు, ఇంకొకడు మనవళ్ళను ఎత్తుకుని ఎనభై దాకా బతకవచ్చు.

తేడా ఎక్కడుంది? కొంత, మనకు కనిపించని మిగతా జన్యువుల్లో. కొంత బీపీలో, షుగర్లో, పెరిగిన బరువులో, తాగుడులో, చేసే పనిలో. కొంత, సమయానికి ఎవరైనా చూశారా లేదా అన్న దాంట్లో.

ఈ విషయంలో మనవాళ్ళు చేసిన పని ఒకటి ఉంది. 2009లో హైదరాబాద్ సీసీఎంబీలో కుమారసామి తంగరాజ్ బృందం, దేశ విదేశాల శాస్త్రవేత్తలతో కలిసి, నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక సంగతి ప్రకటించింది. గుండె కండరంలో పనిచేసే ఒక ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన లోపం దక్షిణాసియా జనంలో నూటికి నలుగురిలో ఉంది, అది ఉన్నవాళ్ళకు గుండె కండరం జబ్బు ముప్పు ఎక్కువ అని. అంటే మనూళ్ళో పెళ్ళి భోజనాల బంతిలో నూరుమంది కూర్చుంటే, లెక్క ప్రకారం నలుగురి విస్తళ్ళ ముందు అది కూడా కూర్చున్నట్టే. వయసులో ఉండగా కణాలు చెడ్డ ప్రొటీన్‌ను ఎప్పటికప్పుడు ఊడ్చేస్తాయని, వయసు పైబడేకొద్దీ ఆ ఓపిక తగ్గి అది పేరుకుపోతుందని అప్పట్లో పరిశోధకులు వివరించారు.

కథ అక్కడితో ఆగలేదు. 2020లో ఇంకో పెద్ద పరిశీలన వచ్చింది. ఆ 25 అక్షరాల లోపం ఉన్నవాళ్ళలో చాలామందికి పెద్ద ముప్పేమీ లేదు, దానికి తోడుగా అదే జన్యువులో మరోచోట ఒక అక్షరం మారినవాళ్ళే అసలు ప్రమాదంలో ఉన్నారు అని చెప్పింది. పదకొండేళ్ళు తిరిగేసరికి శాస్త్రం తన మాటను తానే సరిదిద్దుకుంది. మరి ఎవరి ఇంట్లోనో ఒక చావు చూసి, ఆ ఇంటి పిల్లలందరి నుదుటి రాతా చదివేసినట్టు మాట్లాడే మనం? సూక్ష్మదర్శినులతో కూర్చున్నవాళ్ళే ఆచితూచి మాట్లాడుతుంటే, టీ కొట్టు దగ్గర మనకంత ధీమా ఎందుకు?

ఇక తాగుడు. నెల్లూరు జిల్లావాళ్ళు ఈ మాటను తేలిగ్గా దాటిపోకూడదు.

మన ఒంట్లో అన్నిటికన్నా పెద్ద ప్రొటీన్ పేరు టైటిన్. గుండె కండరం సాగి మళ్ళీ యథాస్థితికి రావడానికి అదే ఆధారం. దాని జన్యువు మధ్యలో తెగిపోయిన లోపంతో కొందరు పుడతారు. అందులో చాలామంది ఏమీ కాకుండా బతికేస్తారు. 2018లో ఐరోపా పరిశోధకులు, తాగి తాగి గుండె చెడగొట్టుకున్నారని ముద్రపడిన రోగులను పరీక్షించారు. దాదాపు పదిమందిలో ఒకరికి టైటిన్ లోపం దొరికింది. మామూలు జనంలో అది నూటికి ఒకరికి కూడా లేదు. లోపమూ అతి తాగుడూ రెండూ కలిసినవాళ్ళ గుండె పంపింగ్ మరీ దిగజారింది. పదిమంది కలిసి తాగుతారు, తొమ్మిదిమంది పొద్దున లేచి పనికి పోతారు, పదోవాడికి ఆయాసం పట్టుకుంటుంది. తొమ్మిదిమందీ చేరి వాడు తాగుడికి తట్టుకోలేడని నవ్వుతారు. నిజమే, తట్టుకోలేడు. కానీ వాడి చేతికి గ్లాసు ఇచ్చింది ఎవరు?

ముప్పై ఏళ్ళు దాటింది. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు చదువు రాని ఆడవాళ్ళు, అక్షరదీపం బడిలో సీతమ్మ కథ పాఠం చదువుకుని సారా కొట్టు మీదికి వెళ్ళారు. 1992 నాటికి ఆ పోరు జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో పోసి పంపిన సారాను రోడ్డు మీద పారబోశారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళు తిరగ్గానే, 1997లో, ప్రభుత్వం మద్యాన్ని మళ్ళీ తెరిచింది. అది వేరే సిగ్గు.

ఆ ఆడవాళ్ళకు టైటిన్ పేరు తెలియదు. ఎవరి మొగుడి నెత్తురులో ఏ లోపముందో వాళ్ళు వెతకలేదు. తట్టుకునేవాడు తాగనీ, తట్టుకోలేనివాడు మానుకోనీ అని బేరం పెట్టలేదు. అందరి వాకిట్లోంచీ ఒకేసారి తీసెయ్యమన్నారు. ఎవరికి ఏముందో తెలియనప్పుడు అంతకు మించిన న్యాయం ఇంకొకటి లేదని నా నమ్మకం. జన్యువుల శాస్త్రం ఈ నాటికి చెబుతున్నదీ అదే.

అందరికీ ఒకేసారి పరిసరం మార్చి జబ్బును తగ్గించిన పాత అనుభవం కోస్తా జిల్లాలకు కూడా ఉంది. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి కాళ్ళు వాపులెక్కించి, గుండె కుదేలు చేసి చంపేది. 1835లోనే మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో దాని మీద పుస్తకం వేశాడు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో ఒక విటమిన్ పోవడమే కారణమని తేలడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. తిండి మారాక అది వెనక్కి తగ్గింది. ఒక్కొక్క రోగి నెత్తురూ మార్చి సాధించిన విజయం కాదు అది.

ఇప్పుడు మన పరిస్థితి చూడండి. సారా ప్యాకెట్టు పోయింది, క్వార్టర్ సీసా వచ్చింది. పెళ్ళిలో తాగుడు, పెద్దకర్మలో తాగుడు. పద్దెనిమిది నిండని కుర్రాడికి మేనమామే ‘ఒక్క పెగ్గేగా, మగాడివి కాదూ’ అని పోస్తాడు. ఆ కుర్రాడి తండ్రి ముప్పైఅయిదులో ఎలా పోయాడో ఆ మేనమామకు తెలుసు. తెలిసీ పోస్తాడు. దీన్ని ఏమనాలో ఎవరికి వారే చెప్పుకోండి.

ముత్తుకూరు, తోటపల్లిగూడూరు వైపు రొయ్యల చెరువులున్నవాళ్ళకు నేను చెప్పబోయేది కొత్త కాదు. ఒకే హేచరీ నుంచి ఒకే రోజు తెచ్చిన సీడ్ రెండు చెరువుల్లో వదిలితే, నీళ్ళు చూసుకున్నవాడికి పంట చేతికొస్తుంది, ఏరియేటర్లు ఆపేసి పడుకున్నవాడికి తెల్లారేసరికి చెరువు గట్టున చచ్చిన రొయ్యలు మిగులుతాయి. సీడ్‌లో తెల్లమచ్చ వైరస్ ఉందేమోనని పీసీఆర్ పరీక్ష చేయించకుండా ఇవాళ బుద్ధున్న రైతెవడూ నీళ్ళలో వదలడు. రొయ్య పిల్లకు పరీక్ష చేయించే మనం, తమ్ముడు ఉన్నట్టుండి పోయిన ఇంట్లో అన్నకు ఈసీజీ గానీ ఎకో గానీ తీయించం.

ఎకో పరీక్ష ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. ఛాతీ మీద చల్లగా జెల్ రాస్తారు. తెర మీద గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. కొట్టుకునే గుండెను ఒకచోట ఆపి, కింది గదుల మధ్య గోడకు అటొకటీ ఇటొకటీ చిన్న గుర్తులు పెడతారు. మందం అంకె తేలుతుంది. మామూలుగా అది పదకొండు మిల్లీమీటర్ల లోపు. పదిహేను చేరితే జబ్బు అనుమానం గట్టిపడుతుంది. ఇంట్లో ఇప్పటికే ఒకరికి జబ్బు ఉంటే పదమూడు చాలు, జాగ్రత్త పడాల్సిందే. రెండు మిల్లీమీటర్ల ఆ తేడా ఎందుకో గమనించారా? కుటుంబ చరిత్ర తెలిస్తే డాక్టర్ ముందుగా మేలుకుంటాడు. మనం దాచిపెడితే పదమూడు చూసి ‘ఫరవాలేదులే’ అని పంపేస్తాడు. అబద్ధం చెప్పింది పెళ్ళి సంబంధం తెచ్చిన మధ్యవర్తితోనే అనుకుంటాం, చివరికి అది డాక్టర్ దాకా పోతుంది. ఇంకో మాట, పదిహేనేళ్ళప్పుడు ఎకో బాగుంటే జీవితాంతం బాగుంటుందని కాదు. పిల్లలకు ఏడాదికో రెండేళ్ళకో, పెద్దలకు మూడు నుంచి అయిదేళ్ళకోసారి మళ్ళీ చూడాలి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఛాతీలో అమర్చే చిన్న యంత్రం ఉంది. గుండె లయ తప్పిన క్షణంలో షాక్ ఇచ్చి అది ప్రాణం నిలబెడుతుంది.

బాలింతల సంగతికి వస్తే నాకు కోపం ఆగదు. కాన్పు ముందు చివరి నెల నుంచి కాన్పయ్యాక అయిదు నెలల దాకా, కొందరు తల్లులకు గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడుతుంది. 2016లో అలాంటి 172 మంది స్త్రీల జన్యువులు పరీక్షిస్తే 26 మందిలో గుండె కండరం లోపాలు దొరికాయి, ఎక్కువ భాగం మళ్ళీ ఆ టైటిన్‌లోనే. పుట్టుకతో ఉన్న లోపాన్ని కాన్పు బరువు బయటపెట్టింది. మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? పిల్ల పడుకుంటే ఊపిరాడక రెండో తలగడ అడుగుతుంది. ‘బాలింత ఎత్తు తలగడ పెట్టుకోకూడదు’ అంటారు. కాళ్ళు వాస్తాయి. ‘నీరు పట్టింది, మంచినీళ్ళు తగ్గించు’ అంటారు. రాత్రి దగ్గుతో లేచి కూర్చుంటుంది. ‘చల్లగాలి తగిలింది’ అంటారు. పుట్టింటివాళ్ళు అత్తింటివాళ్ళనీ, అత్తింటివాళ్ళు పుట్టింటివాళ్ళనీ అంటూ ఉండగా వారం గడిచిపోతుంది. బతికి బయటపడితే, పంపింగ్ ఇంకా కోలుకోకుండానే మగపిల్లవాడు కావాలని మళ్ళీ మొదలు. పంపింగ్ కోలుకోని మనిషికి ఇంకో కాన్పు వద్దని డాక్టర్లు చెబుతారు. ఆ మాట కోడలి చెవికి చేరితే చాలదు, అత్త చెవికి చేరాలి, మొగుడి బుర్రకెక్కాలి. రెండో తలగడ అడిగిన బాలింతను ఆ పూటే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పథ్యం ఎక్కడికీ పోదు.

సంబంధాలు చూసేటప్పుడు అటేడు తరాలు ఇటేడు తరాలు చూడాలంటాం. చూసేది ఏమిటి? గోత్రం, నక్షత్రం, ఎకరాలు, హైవే పక్కన ఎన్ని సెంట్ల స్థలం. ఏ తరంలో ఎవరు చిన్నవయసులో పోయారో అడిగితే తప్పు, చెబితే ముప్పు. మేనరికాల గోల ఒకటి ఉండనే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో మన రాష్ట్రంలో దాదాపు నాలుగింట ఒక పెళ్ళి దగ్గరి చుట్టరికంలోనే జరుగుతోంది. ఒకే వంశపు లోపం ఇద్దరిలోనూ ఉంటే, బిడ్డకు రెండు వైపులా అదే చేరి, చంటి వయసులోనే జబ్బు ముదరవచ్చు. మేనరికం పాపమని నేను అనను. పరీక్షల్లేకుండా, ఆస్తి బయటికి పోకూడదన్న లెక్కతో చేసే మేనరికాన్ని మాత్రం సమర్థించలేను.

దాచకపోతే ఏమవుతుందో చూడాలంటే మన తెలుగు వైశ్యుల ఉదాహరణ ఉంది. వాళ్ళలో ఒక ఎంజైమ్ లోపం మిగతా జనంలో కన్నా చాలా ఎక్కువ. జీవితమంతా దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలు వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే మాత్రం, నిమిషాల్లో తేరుకోవాల్సిన మనిషి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. నెత్తురులో లోపం ఉంది, కానీ ఆ ఒక్క మందు తగిలేదాకా అది జబ్బు కాదు. ఇది తెలిసిన మత్తు డాక్టర్ ముందే అడుగుతాడు, వేరే మందు వాడతాడు, అయిపోయింది. ఈ సంగతి బయటపడినందుకు వైశ్యుల ఇళ్ళలో పెళ్ళిళ్ళేమైనా ఆగిపోయాయా?

వంశం పేరు చెప్పి ఎవరినీ వెలివేయకుండా ఉంటేనే వంశం పేరు బయటికొస్తుంది. ఆ పని ఒక ఇంటివల్ల కాదు, ఊరు చేయాలి. పరుగులో కళ్ళు తిరిగి పడిన పిల్లవాడిని తిండి తినలేదని తిట్టే వ్యాయామ ఉపాధ్యాయుడు చేయాలి. కానిస్టేబుల్ ఎంపికకు పిల్లల్ని ఎండలో పరుగెత్తించే కోచింగ్ సెంటరు చేయాలి. గోడ దళసరి గుండెకు ఒంట్లో నీరు తగ్గితే నెత్తురు బయటికి పోయే దారే ఇరుకవుతుంది, రోహిణి కార్తెలో నీడా మంచినీళ్ళూ ఇవ్వకుండా పని చేయించే మేస్త్రీకి అది తెలియాలి. కాకుటూరులో విశ్వవిద్యాలయం ఉంది, వేలమంది పిల్లలు చేరేచోట గుండె నొక్కి ఊపిరి నిలబెట్టే పద్ధతి ప్రతి ఒక్కరికీ నేర్పవచ్చు. 108 బండి పుట్టింది మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2005లో. అది వచ్చేలోపలి నిమిషాలు మాత్రం పక్కనున్నవాడివే.

ఇంట్లో ఒకరికి గుండె వాచిందని డాక్టర్ ఉప్పు తగ్గించమంటే, వాళ్ళకొక్కరికే చప్పిడి కూర వండి, మిగతావాళ్ళు చేపల పులుసుతో ఎండుచేప నంజుకుంటారు. ఆ మనిషి మూడోరోజు నుంచి చాటుగా ఊరగాయ జాడీ దగ్గరికి పోతాడు. తప్పు అతనొక్కడిదే అంటారా?

గొలగమూడిలో నిద్ర చేయండి, కసుమూరు దర్గాలో మొక్కు చెల్లించండి, నాకేం అభ్యంతరం లేదు. అటునుంచి వచ్చేటప్పుడు ఈసీజీ, ఎకో కూడా తీయించుకు రండి. చిన్నవయసులో ఎవరైనా కారణం తెలియకుండా పోతే, శరీరాన్ని కోయనివ్వం అని పోస్ట్‌మార్టానికి అడ్డం పడకండి. పోయినవాడి గుండె చెప్పే సాక్ష్యం వాడి చెల్లెలికి, వాడి కొడుక్కి అక్కరకొస్తుంది.

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకోండి. మీ ఇంట్లో మూడు తరాల్లో యాభై ఏళ్ళలోపు పోయినవాళ్ళ పేర్లు రాయండి. పక్కన వయసు, ఎలా పోయారు: నిద్రలోనా, పరుగులోనా, చేలోనా, పురిట్లోనా. పెద్దమ్మనీ మేనత్తనీ అడగండి, వాళ్ళకు గుర్తుంటుంది. కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. ఒక నకలు మీ అన్నదమ్ముల ఇళ్ళకు పంపండి. పొలం గట్టు తగాదాతో మాటలు లేని తమ్ముడు ఉంటే, ముందు వాళ్ళ ఇంటికే పంపండి.